పెన్సిలిన్ కార్డు ఉన్న అమ్మాయి, ఆరు నెలల కోర్సు, కట్టేసిన పదివేలు

రాజోలు దగ్గర నుంచి ఒక అమ్మ రాశారు. పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ, టెన్షన్ పెట్టుకునే రకం, చిన్నవాడు ఎంపీసీ. ఆరో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి మోకాళ్లు వాచాయి, అవి తగ్గాయనుకునేలోపు మడమలు వాచాయి. కాకినాడలో చూపిస్తే రుమాటిక్ ఫీవర్ అన్నారు, గుండె వాల్వు కొంచెం లీకవుతోందన్నారు. అప్పటి నుంచి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. ఇప్పుడు ఆ అమ్మాయి ఈ జబ్బు మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్‌లో సీటు వచ్చేలా లేదు. వాళ్ల నాన్నగారు హైదరాబాద్‌లో ఎవరినో కనుక్కుంటే ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సు ఉంది, లక్షా ఇరవై వేలు, డిగ్రీ చదువుతూనే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ఉద్యోగం గ్యారంటీ అన్నారట. పదివేలు అడ్వాన్సు కట్టేశారు. ఈ లైను మంచిదేనా, కీళ్లవాతం మందుల కంపెనీల్లో ఉద్యోగాలు ఉంటాయంటున్నారు, మా పాప జబ్బూ అదీ ఒకటేనా, పైగా తిరిగే ఉద్యోగమైతే దాని ఒంటికి పడుతుందా అని అడిగారు.

అమ్మా, మిగతా లక్షా పది కట్టకండి. కారణం చెప్తాను, తర్వాత అసలు విషయానికొద్దాం.

క్లినికల్ రీసెర్చ్, అంటే మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే పని, దానంతట అదే ఒక చదువు కాదు. ఫార్మసీయో, నర్సింగో, డాక్టరీయో, లైఫ్ సైన్సెస్‌లో పీజీయో చేసినవాళ్లు ఆ చదువు మీద నిలబడి చేసే పని అది. కంపెనీవాడు మీ పాప రెజ్యూమేలో ముందు చూసేది ఆ డిగ్రీనే. ఆరు నెలల సర్టిఫికెట్ అంటారా, డిగ్రీ ఉన్నవాడికి అది కాస్త ఉపయోగమేమో గానీ లేనివాడికి గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. నా దగ్గరకు వచ్చిన తణుకు కుర్రాడొకడు ఇలాగే ఇంటర్ అయ్యాక ఏదో మామూలు డిగ్రీలో చేరి, పక్కన ఇలాంటి కోర్సుకి డబ్బు పోశాడు. వాళ్లు చూపించిన 'ప్లేస్‌మెంట్' ఏమిటంటే ఒక కాల్ సెంటర్‌లో మందుల పేర్లు చదివే ఉద్యోగం. నాలుగు నెలలు చేసి ఇంటికొచ్చి నాన్నతో పాటు రొయ్యల చెరువు చూసుకుంటున్నాడు. ఇప్పుడు కోర్సు చేసిన రోజులకంటే బాగానే సంపాదిస్తున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక జబ్బులు రెండూ ఒకటేనా అంటే, కాదు. పేరులో చుట్టరికం తప్ప దారులు వేరు. పాపకు వచ్చింది గొంతునొప్పితో మొదలయ్యే జబ్బు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరుతుంది, శరీరం దాని మీద యుద్ధానికి దిగి రెండు మూడు వారాలయ్యాక పొరపాటున సొంత కీళ్ల మీద, గుండె వాల్వుల మీద పడుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకే వస్తుంది. కీళ్లు మచ్చ లేకుండా మానిపోతాయి, గుండె మాత్రం మర్చిపోదు. మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ వాల్వు మీద దెబ్బ పడుతుంది కాబట్టే ఆ 21 రోజుల ఇంజెక్షన్. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనవాళ్లు కీళ్లవాతం అనే దాంట్లో ఒక రకం, ఎక్కువగా పెద్దవాళ్లకి వస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, చూసుకోకపోతే వేళ్లు వంకరపోతాయి. అక్కడా శరీరం తన మీద తానే తిరగబడడమే, కానీ గొంతునొప్పితో సంబంధం లేదు.

ఈ తేడా ఎందుకింత చెప్పానంటే ఉద్యోగాల సంగతి మొత్తం ఇందులోనే ఉంది. కీళ్లవాతానికి కొత్త మందులు వస్తూనే ఉన్నాయి, ఖరీదైన ఇంజెక్షన్లు, వాటికి మన దేశంలోనే తయారయ్యే చవక రూపాలు. అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ (అలాంటి చవక రూపం) 2014లో మన దేశంలోనే అమ్మకానికి వచ్చింది. ప్రతి కొత్త మందుకూ ట్రయల్ (మనుషుల మీద పరీక్ష) కావాలి, ట్రయల్‌కి మనుషులు కావాలి, జీతాలిచ్చేది కంపెనీలు. రుమాటిక్ ఫీవర్ మందేమో చవకైన పాత పెన్సిలిన్. దాని మీద కోట్లు పోసే కంపెనీ ఏదండీ? అందుకని ఆ జబ్బు మీద పరిశోధన ఎక్కువగా ప్రభుత్వ సంస్థలు, యూనివర్సిటీలు, ధర్మనిధుల డబ్బుతో నడుస్తుంది. మీ పాపకు ఉన్నదున్నట్టు చెప్పండి, జీతం ఒక జబ్బులో ఉంది, తన మనసు ఇంకో జబ్బులో ఉంది. ముందు మొదటిదాంట్లో పని నేర్చుకుని, చెయ్యి తిరిగాక రెండోదానికి వెళ్లడమే నాకు తెలిసిన దారి.

అలాగని రెండోదాంట్లో చెయ్యడానికేం మిగల్లేదనుకునేరు. ఈ జబ్బును ఇప్పటికీ ఒక్క రక్తపరీక్షతో తేల్చలేరు. 1944లో జోన్స్ అనే అమెరికా డాక్టరు లక్షణాలను లెక్కగట్టి గుర్తించే కొలత ఒకటి ఇచ్చాడు, సవరించుకుంటూ ఈరోజుకీ అదే వాడుతున్నారు. 2015 సవరణలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నచోట ఒక కొలత, తక్కువ ఉన్నచోట ఇంకో కొలత అని విడదీశారు, ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, మాత్రమే కనిపించే గుండె దెబ్బను కూడా లెక్కలోకి తెచ్చారు. ఉగాండాలో 818 మంది పిల్లల మీద ఒక ట్రయల్ జరిగింది, ఎకో తీస్తే తప్ప తెలియని తొలిదశలో ఉన్న పిల్లలు వాళ్లు. సగం మందికి రెండేళ్లపాటు నెలనెలా పెన్సిలిన్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరితే, ఇచ్చినవాళ్లలో 0.8 శాతం మందికే ముదిరింది. 2021లో ఫలితాలొచ్చాయి. చూడండి, అక్కడ మందు కొత్తది కాదు, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలన్నదే కొత్తది. 2022లో ఇంకోటి వచ్చింది, ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు ముందుండి నడిపించినది, 24 దేశాల్లో. ఈ జబ్బుతో వాల్వు పాడై గుండె లయ తప్పినవాళ్లకి, అస్తమానం రక్తపరీక్ష చేయించుకోవాల్సిన, రక్తం పల్చబరిచే పాత మాత్ర బదులు కొత్త మాత్ర ఇస్తే నయమా అని చూశారు. కొత్తది పాతదానికి తీసిపోదనుకున్నారు, పాతదే మేలని తేలింది. మరణాలు కూడా పాత మాత్ర వేసుకున్నవాళ్లలోనే తక్కువ. ట్రయల్ పెట్టకపోయుంటే అందరూ కొత్తదానికి మారిపోయి ఉండేవారు.

పాపకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. రీసెర్చ్ అంటే తెల్లకోటు, మైక్రోస్కోపు అనుకుంటుంది పిల్ల. తన దగ్గరున్న ఇంజెక్షన్ కార్డు తీయమనండి. ఏ తారీఖున రావాలి, ఏ తారీఖున వచ్చింది, ఎందుకు రెండు రోజులు ఆలస్యమైంది, వరదొచ్చి పంటు నడవలేదా, టెస్ట్ చేస్తే దద్దురు వచ్చిందా, ఎవరు సంతకం చేశారు. క్లినికల్ రీసెర్చ్‌లో నూటికి డెబ్బై పాళ్లు ఈ పనే. కోఆర్డినేటర్ ఉద్యోగమంటే పొద్దున్నే పేషెంటుకు ఫోన్ చేసి రప్పించడం, టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయో లేదో చూడటం, డాక్టరు 28 కీళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే పక్కన నోట్ చేసుకోవడం, రక్తం తీసిన టైము నిమిషంతో సహా రాయడం, సాయంత్రం అదంతా కంప్యూటర్‌లో ఎక్కించడం, మర్నాడు ఎక్కడో కూర్చున్నవాడు 'ఈ తేదీ ఆ తేదీతో కలవడం లేదు' అని పంపిన ప్రశ్నకు జవాబివ్వడం. పేషెంటు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా, ఇంకేదైనా పెద్ద ప్రమాదం జరిగినా 24 గంటల్లో కబురు వెళ్లాలి, 2019 నుంచి అమల్లో ఉన్న ట్రయల్స్ రూల్స్ అలా చెప్తున్నాయి. ఆదివారం, సంక్రాంతి అని చూడరు. విసుగు పుట్టే పని. తన కార్డు తనే జాగ్రత్తగా నింపుకునే పిల్ల అయితే ఇందులో నిలబడుతుంది, అమ్మ గుర్తుచేస్తే గానీ కదలని పిల్ల అయితే ఇంకో ఆలోచన చెయ్యండి. దీనికి జవాబు నాకంటే మీకే బాగా తెలుసు.

మన ప్రాంతం పిల్లలకు ఒక సదుపాయం ఉంది, ఇక్కడి తెలుగు రావడం, అది ఎవరూ చెప్పరు. ట్రయల్‌లో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో ఒప్పంద పత్రం ఇవ్వాలి, చదివి వినిపించాలి, 'మీకు కొత్త మందు రావచ్చు, మామూలు మందే రావచ్చు, లాటరీ తీసినట్టు ఉంటుంది, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానేయొచ్చు, మానేసినా వైద్యం ఆగదు' అని చెప్పి అర్థమైందో లేదో తిరిగి అడగాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో సరిపోదు, ఏడేళ్లు దాటినవాళ్ల ఇష్టాన్నీ విడిగా అడగాలి. ఈ కాగితాల తెలుగు చాలాసార్లు ఎంత ఘోరంగా ఉంటుందంటే చదువుకున్నవాడికే అర్థం కాదు. మలికిపురం నుంచి వచ్చిన మామ్మగారికి కూర్చోబెట్టి చెప్పగలిగే అమ్మాయి, అందులోనూ చిన్నప్పుడు తనే ఆ మంచం మీద పడుకుని ఇంజెక్షన్ వేయించుకున్న అమ్మాయి, ఏ ఆస్పత్రికైనా కావాల్సిన మనిషే.

ఇక చదువు. నీట్ మీద పూర్తిగా ఆశ వదిలెయ్యమని నేను అనను, ఒక్కసారి లాంగ్‌టర్మ్ చెయ్యగల ఓపిక, డబ్బు ఉంటే చెయ్యనివ్వండి. కానీ ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, తర్వాత ఎండీ మూడేళ్లు, ఆపైన కీళ్ల వైపైతే రుమటాలజీ, గుండె వైపైతే కార్డియాలజీలో డీఎం అనే స్పెషలిస్టు చదువు మూడేళ్లు. రుమటాలజీ డీఎం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. పరిశోధన తన పేరు మీద నడిపించాలంటే ఆ దారి, ఎంతలేదన్నా పన్నెండేళ్లు. అంత వద్దనుకుంటే నా ఓటు ఫార్మ్ డీకి, అంటే ఫార్మసీలో డాక్టరేట్ కోర్సుకి. ఆరేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, ఆస్పత్రి వార్డుల్లో డాక్టర్ల వెంట తిరుగుతారు, ఈఏపీసెట్‌తో సీటు. కాలేజీ చూసుకునేటప్పుడు భవనం చూడకండి, ఏ ఆస్పత్రితో కలిసి ఉంది, అక్కడ ఎథిక్స్ కమిటీ (ట్రయల్స్‌లో పేషెంట్ల మేలు చూసే కమిటీ) నడుస్తోందా, ఇప్పుడేమైనా ట్రయల్స్ జరుగుతున్నాయా అని అడగండి. ట్రయల్స్ సంగతి సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చూడొచ్చు, 2009 నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్ అందులో నమోదు కావాల్సిందే. ఫీజు భారమైతే నాలుగేళ్ల బీ ఫార్మసీ, లేదా బీఎస్సీ నర్సింగ్. నర్సింగ్ అంటే మొహం చిట్లించకండి, ట్రయల్స్‌లో పేషెంటు నమ్మేది ముందు నర్సునే. చిన్నవాడు ఎంపీసీ అన్నారు కదా, లెక్కలు బాగా వస్తే వాడికి స్టాటిస్టిక్స్ చెప్పించండి, ఈ రంగంలో అందరికంటే కొరత వాళ్లకే. మొదటి జీతం మాత్రం ఎవరికైనా చిన్నదే, నేను చూసినవాళ్లు పదిహేను నుంచి పాతిక వేల మధ్య మొదలుపెట్టారు. రెండు మూడేళ్లు కోఆర్డినేటర్‌గా చేసి మానిటర్‌గా, అంటే ట్రయల్ జరిగే ఆస్పత్రులకు తిరిగి రికార్డులు సరిచూసే మనిషిగా, మారితే పెరుగుతుంది. లక్షా ఇరవై వేల కోర్సులో చెప్పేదాంట్లో చాలా భాగం ఐసీఎంఆర్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా పెట్టింది, డిగ్రీ మూడో ఏడు వచ్చాక చూసుకోవచ్చు.

టెన్షన్ పెట్టుకునే అమ్మాయి కాబట్టి మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పండి. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడాయన. మద్రాసులో డాక్టరీ చదివితే ఖద్దరు కట్టాడన్న కోపంతో ఎంబీబీఎస్ ఇవ్వకుండా అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఈరోజు కీళ్లవాతం ఉన్నవాళ్లకి డాక్టరు రాసే మొదటి మందు మెథోట్రెక్సేట్, అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి (రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, మీ బంధువుల్లో ఎవరైనా వాడుతుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి), దాని దుష్ఫలితాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చే మాత్ర ఫోలిక్ యాసిడ్. రెండూ అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన బృందంలోనే తయారయ్యాయి. ఆయన 1948లో పోయాడు. ఆ మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడొచ్చని అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1988లో, నలభై ఏళ్ల తర్వాత. మందు కనిపెట్టడం ఒక పని, అది ఎవరికి పనిచేస్తుందో మనుషుల మీద జాగ్రత్తగా తేల్చడం ఇంకో పని. మీ పాప అడుగుతున్నది రెండోది.

ఒంటికి పడుతుందా అన్నదానికి నేను డాక్టర్ని కాను, ఎకో రిపోర్టు పట్టుకుని కార్డియాలజిస్టునే అడగండి, ఎంతదూరం తిరగొచ్చు, రాత్రి డ్యూటీలు చెయ్యొచ్చా అని సూటిగా అడగండి. మానిటర్ ఉద్యోగంలో ప్రయాణాలు ఎక్కువ, డేటా మేనేజ్‌మెంట్, మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ఉద్యోగాల్లో కుర్చీ పనే. నాకున్న భయం మాత్రం ఉద్యోగం గురించి కాదు, హాస్టల్ గురించి. ఇంట్లో ఉన్నన్నాళ్లు మీరు గుర్తుచేస్తారు, బయటకెళ్లిన మొదటి ఏడాదే పిల్లలు ఇంజెక్షన్ ఎగ్గొడతారు. వాల్వు దెబ్బతిన్నవాళ్లకి కనీసం పదేళ్లు, ఒక్కోసారి నలభై ఏళ్లు వచ్చేదాకా వెయ్యాలంటారు. ఏ కాలేజీ అయినా సరే చేరే ముందే ఆ ఊళ్లో ఎక్కడ ఇంజెక్షన్ వేస్తారో చూసుకుని, కార్డు నకలు, డాక్టరు ఉత్తరం ఒకటి చేతిలో పెట్టండి. తన జబ్బు సంగతి రూమ్మేట్‌కి ఒక్కరికైనా చెప్పమనండి. పెళ్లి సంబంధాలకు అడ్డమని దాచకండి, ఆ మాట మీరు రాయలేదు గానీ ఉత్తరంలో రెండుచోట్ల వాసన తగిలింది.

ఆ పదివేల సంగతి. రసీదు మీద 'అడ్మిషన్ ఫీజు' అని ఉందా 'అడ్వాన్సు' అని ఉందా చూడండి, వెనక్కిచ్చే షరతులు ఏమన్నా రాశారేమో చూడండి. ఫోన్‌లో గొడవపడకుండా, చేరడం లేదని మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా అడగండి. వారంలో రాకపోతే 1915కి, అంటే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. వస్తే ఆ డబ్బు మొదటి సెమిస్టర్ హాస్టల్ ఖర్చుకి పనికొస్తుంది, రాకపోతే నాన్నగారిని పాప ముందు మాత్రం దెప్పకండి.