యాక్సిలరేటర్‌కి అప్లై చేసే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

చిన్న సంస్థలకి కొన్ని నెలలు సలహాలూ డబ్బూ ఇచ్చి ఎదగడానికి సాయపడే యాక్సిలరేటర్ ప్రోగ్రాముల కోసం నువ్వు పంపిన రెండు అప్లికేషన్ ఫారాలూ చదివాను. ఒకటి బెంగళూరు వాళ్లది, లాభాపేక్ష లేని సంస్థల కోసం. రెండోది హైదరాబాద్‌లో, స్టార్టప్‌లతో పాటు సామాజిక వ్యాపారాలనీ తీసుకునేది. గడువు దగ్గర పడుతోంది, ఏది నింపమంటావు మావయ్యా అని అడిగావు. ఇలాంటి ప్రోగ్రాముల ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను, నీ ఈడు పిల్లలకి మెంటర్‌గానూ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఏ ఫారం అన్నది తర్వాత చూద్దాం. నువ్వు దేన్ని పెంచాలనుకుంటున్నావన్నది ముందు తేలాలి.

గుమ్మలక్ష్మీపురం కొండ ఊళ్లలో నీ సాయంత్రం బడులు చూశాను కదా. మూడో తరగతి పిల్ల పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. చెప్పే అమ్మాయి ఇంటర్ చదివిన ఆ ఊరి పిల్లే. వాళ్ల ఇంటి భాష సవరలో ఏదో అడిగింది, పిల్ల సవరలోనే గబగబా జవాబిచ్చింది, తర్వాత వేలు పెట్టుకుంటూ తెలుగు వాక్యం మొత్తం చదివేసింది. ఫారంలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదేంటమ్మా? ట్యాబ్‌ల గురించి అర పేజీ రాశావు. నీ పనికి ప్రాణం ఆ ఊరి అమ్మాయి. ఆమె గురించే మొదటి పేరా రాయి.

"మూడేళ్లలో ఎంతమందికి చేరతారు" అన్నచోట పది వేలు అని వేశావు. ఇప్పుడు నీకు పది కేంద్రాలు, రెండు వందల యాభై మంది పిల్లలు. పది వేలంటే నాలుగు వందల కేంద్రాలు. సవర వచ్చి, పదో తరగతి దాటి, రోజూ సాయంత్రం రెండు గంటలు నిలకడగా కూర్చునే యువతీ యువకులు అంతమంది ఎక్కడ దొరుకుతారు? కాస్త పక్కకి జరిగితే కువి మాట్లాడే పిల్లలు, ఇంకో వైపు ఆదివాసీ ఒడియా. ఇది నేల విడిచి సాము. పైగా ఆ అంకె ఒక్కసారి ఫారం ఎక్కిందంటే ప్రోగ్రాం నడిచినన్నాళ్లూ అందరూ దాన్నే పట్టుకుంటారు. మెంటర్లు, ఫండర్లు, చివరికి నువ్వు కూడా.

వాళ్లు అంకె అడగడంలో తప్పు లేదు. ఈ ప్రోగ్రాములు పుట్టిందే వ్యాపారం కోసం. అమెరికాలో వై కాంబినేటర్ 2005లో మొదలైంది స్టార్టప్‌లకి డబ్బు పెట్టి, మూడు నెలలు వెంటపడి పని చేయించడానికి. 2013లో వాళ్లు మొదటిసారి వాట్సి అనే లాభాపేక్ష లేని సంస్థని తీసుకున్నారు. పేద రోగుల వైద్యానికి ఆన్‌లైన్‌లో విరాళాలు పోగుచేసే సంస్థ అది. మరుసటి ఏడాది టెక్నాలజీతో నడిచే స్వచ్ఛంద సంస్థల కోసమే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫాస్ట్ ఫార్వర్డ్ వచ్చింది. మన దగ్గర చెన్నైలో విల్‌గ్రో 2001 నుంచీ, ముంబైలో అన్‌లిమిటెడ్ ఇండియా 2007 నుంచీ ఉన్నాయి. బెంగళూరులో ది నడ్జ్, ఐఐఎం వాళ్ల ఎన్ఎస్ఆర్‌సీఈఎల్ ఎన్జీవోల కోసం విడిగా ప్రోగ్రాములు నడుపుతున్నాయి. నిజామాబాద్‌లో కాకతీయ శాండ్‌బాక్స్ ఉంది. హైదరాబాద్‌లో ఆడవాళ్ల సంస్థల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో వీ హబ్ పెట్టింది. పేర్లు వేరైనా అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే: ఎంత వేగంగా, ఎంతమందికి, ఎంత ఖర్చుతో. మొదటి రెంటికీ నీ పనిని బట్టి నువ్వే హద్దు గీసుకోవాలి. మూడోదానికి మాత్రం కచ్చితమైన జవాబుండాలి.

పెరగడమంటే కేంద్రాల సంఖ్య ఒక్కటే కాదు. ఎం.వి. ఫౌండేషన్ సంగతి నీకు తెలిసిందే. శాంతా సిన్హా గారు, ఆమెతో పనిచేసినవాళ్లు 1991లో రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లల్ని బడికి తీసుకురావడం మొదలుపెట్టారు. బ్రిడ్జి క్యాంపులో ఉంచి వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే వాళ్ల పద్ధతిని తర్వాత ప్రభుత్వమూ అందుకుంది. రాష్ట్రమంతా సొంత క్యాంపులు పెట్టుకుంటూ పోతే అది సాధ్యమయ్యేది కాదు. నీ విషయంలోనూ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేయించారు. వాటిని పట్టుకుని పిల్లని ఇంటి భాషలోంచి తెలుగులోకి నడిపించడం నీ అమ్మాయిలకి చేతనవును. ఆ నేర్పుని పక్క మండలంలో కువి వచ్చిన అమ్మాయిలకి ఎన్ని వారాల్లో నేర్పగలవు, నేర్పాక ఎన్నాళ్లు వెంట ఉండాలి? యాక్సిలరేటర్‌లో ఈ ప్రశ్న మీద పనిచెయ్యి. "మూడేళ్లలో నలభై కేంద్రాలు, రెండు భాషలు, శిక్షణ పద్ధతి పుస్తక రూపంలో" అని రాస్తే కమిటీలో నేనుంటే నీకే ఓటేస్తాను.

ఇక డబ్బు లెక్క. ఒక పిల్లకి ఏడాదికి ఎంతవుతుందంటే పద్దెనిమిది వందలు అని రాశావు. ఎలా వచ్చిందో ఊహించగలను. చెప్పే అమ్మాయికి నెలకి 4,000 చొప్పున పది నెలలు 40,000, పుస్తకాలకీ సామానుకీ 5,000, మొత్తం 45,000 ఇరవై ఐదు మందికి పంచావు. మరి పది కేంద్రాలూ తిరిగే సూపర్‌వైజర్ జీతం? నెలకి 15,000 అంటే ఏడాదికి 1,80,000, ఒక్కో కేంద్రం వాటా 18,000. స్కూటర్ పెట్రోలు, ఆఫీసు అద్దె, ఆడిటర్ ఫీజు, శిక్షణ రోజుల్లో భోజనాలు కలిపి కేంద్రానికి ఇంకో 12,000 వేసుకో. అప్పుడు 75,000, అంటే పిల్లకి 3,000. దాతకి 1,800 చెప్పి 3,000 ఖర్చు పెడుతుంటే కేంద్రానికి 30,000 లోటు. పది కేంద్రాలకి మూడు లక్షలు. ఇప్పుడు ఆ లోటు ఎవరు పూడుస్తున్నారు? నీ బ్యాంకు ఖాతా, మీ నాన్న. నలభై కేంద్రాలైతే పన్నెండు లక్షలవుతుంది. అప్పుడు మీ నాన్న వల్ల కాదు. ఇందులో నీ జీతం ఇంకా కలపలేదు చూడు. కలుపు. సంస్థ నడిపే మనిషి జీతం ఖర్చే కాదనుకునే దాత దగ్గర ఎక్కువ కాలం నిలవలేవు.

తక్కువ ఖర్చు చూపిస్తే మెచ్చుకుంటారని చాలామంది పిల్లలు అనుకుంటారు. కమిటీలో కూర్చున్నవాళ్లకి ఆ అంకె చూడగానే సూపర్‌వైజర్ని వదిలేశారని తెలిసిపోతుంది. అసలు ఖర్చు వేసి, ఏ ముక్క దేనికో చెప్పగలిగిన వాళ్ల మీద నమ్మకం కుదురుతుంది. శ్రీకాకుళం ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక కుర్రాడు గుర్తున్నాడు. పీపీటీ పక్కన పెట్టి హాజరు పట్టీ తీసి మా ముందు పరిచాడు. జీడితోటల పని మొదలయ్యేసరికి పిల్లలు సగానికి పడిపోయారు. తల్లిదండ్రులతో పాటు తోటల్లోకి పోతున్నారని కనుక్కుని, ఆ నెలల్లో బడి వేళ మార్చాడు. కింద గళ్లలో టిక్కులు మళ్లీ నిండుగా కనిపించాయి. మాకు అంతకంటే ఏం కావాలి? సంస్థ తన తప్పొప్పులు తాను పట్టుకుంటోందని ఆ పేజీ చెప్పేసింది.

నీ దగ్గరా అలాంటి పేజీలు తయారవ్వాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి పల్లె పిల్లల చదువుని కొలిచే అసర్ సర్వేలో వాడుతున్న చదువు పరీక్ష ఉంది కదా: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. అది పెట్టు. మొదట్లో ఒకసారి, ఏడాది చివర ఒకసారి. చెప్పిన అమ్మాయి చేతే పెట్టించకు, వేరే ఊరి అమ్మాయిని పంపు. "పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెరిగింది" లాంటి వాక్యాలు నీ ఫారంలో మూడు చోట్ల ఉన్నాయి, అవి కొట్టేసి ఈ ఫలితాలు వెయ్యి.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఈ ప్రోగ్రాములు మనిషిని సంస్థలోంచి బయటికి లాగుతాయి. నెలకోసారి బెంగళూరు, మధ్యలో ఆన్‌లైన్ క్లాసులు, మెంటర్ కాల్స్, చివర్న ఫండర్ల ముందు ప్రదర్శన. నువ్వు లేని వారంలో కురుపాం వైపు కేంద్రానికి తాళం పడితే ఎవరు వెళ్తారు? జీతాలు ఎవరు వేస్తారు? పేరు చెప్పలేకపోతే ఈ ఏడాది అప్లై చెయ్యొద్దు. మీ సూపర్‌వైజర్ అమ్మాయికి చెక్కు మీద రెండో సంతకం అధికారం ఇవ్వు, నెల వారీ మీటింగ్ ఆమె చేతే నడిపించు, నువ్వు కావాలనే ఊళ్లో లేకుండా పో. రెండు నెలలు సాఫీగా సాగితే అప్పుడు నువ్వు నిశ్చింతగా క్లాసులో కూర్చోగలవు. ప్రోగ్రాం ఒప్పుకుంటే ఆమెనీ తీసుకెళ్లు. చాలా చోట్ల ఇద్దరికి చోటిస్తారు.

మెంటర్లు మంచివాళ్లే, పెద్ద పెద్ద కంపెనీలు నడిపినవాళ్లు. ఒకాయన యాప్ చెయ్యమంటాడు, ఇంకొకావిడ ఫీజు పెట్టమంటుంది, మూడో ఆయన ప్రభుత్వంతో ఎంఓయూ, అంటే ఒప్పందం చేసుకోమంటాడు. అందరిదీ విను, నోట్సు రాసుకో. అకౌంట్లు, మనుషుల్ని తీసుకోవడం, బోర్డు నడపడం గురించి వాళ్లు చెప్పేది బంగారం, వెంటనే అమలు చెయ్యి. పిల్లకి ఎలా చదువు చెప్పాలన్నది మాత్రం సెంటర్లో ఒక్క సాయంత్రం కూడా కూర్చుని చూడని మనిషి మాట మీద మార్చకు. ఎవరినైనా కొండ ఎక్కించి చూపించగలిగితే చూపించు, తర్వాత వాళ్లే నీ తరఫున మాట్లాడతారు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. నీ ట్రస్టుకీ దాతలకీ ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్ల గడువులు చూసుకో. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 2021 ఏప్రిల్ నుంచీ ఇదే నియమం. ఎంపికైతే ఇచ్చే గ్రాంటు ఎక్కడి డబ్బు అని ముందే అడుగు. విదేశీ డబ్బయితే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా నేరుగా తీసుకోలేవు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు. నువ్వే ఎఫ్‌సీఆర్ఏకి పెట్టుకోవాలంటే మామూలుగా మూడేళ్లు నిండిన సంస్థ అయ్యుండాలి, ఆ మూడేళ్లలో పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఆడిట్ రిపోర్టులు ముందేసుకుని కూడి చూడు.

ఇప్పుడు ఆ రెండో ఫారం. అమ్మల గుంపు చేస్తున్న రాగి, కొర్రల పిండి వ్యాపారాన్ని ట్రస్టు పేరు మీద అందులో పెట్టావు. అది తప్పుదారి. అలాంటి ప్రోగ్రాముల్లో చాలా వాటికి కంపెనీలో వాటా కావాలి. ట్రస్టుకి వాటాలుండవు, దాని లాభాన్ని ఎవరూ పంచుకోకూడదు కూడా. ఆ అమ్మలు పిండి పట్టిస్తే వచ్చిన లాభం వాళ్ల ఇళ్లకే చేరాలి కదా. అందుకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో, ఉత్పత్తి చేసేవాళ్లే యజమానులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీగానో వాళ్లే రిజిస్టర్ చేయించుకోవాలి. వాళ్లే సభ్యులు, వాళ్లే డైరెక్టర్లు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ వాళ్ల న్యూట్రిహబ్ ఉంది. పొట్టు తీసే మిషన్లు, పిండి నిల్వ, ప్యాకెట్ మీద లేబుల్ లాంటివి తెలిసిన మనుషులు అక్కడ దొరుకుతారు. గుంపులో ఇద్దరు అమ్మల్ని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లిరా. మాట్లాడేది వాళ్లు, నువ్వు పక్కన కూర్చో. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఒకే ఏడాది రెండు ప్రోగ్రాములు చెయ్యలేవు తల్లీ.

కాబట్టి నా మాట: బెంగళూరు ఫారం ఒక్కటే నింపు, అదీ సూపర్‌వైజర్ అమ్మాయి పగ్గాలు పట్టుకోవడానికి ఒప్పుకుంటేనే. ఆమెని ఇవాళే అడుగు, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోవడానికి రెండు రోజులు టైమివ్వు. ఖర్చుల లెక్క నేను చెప్పినట్టు మళ్లీ కట్టి, ఆ ఎక్సెల్ షీటు నాకు వాట్సాప్ చెయ్యి. సూపర్‌వైజర్ పీఎఫ్ కూడా ఒక వరసలో వెయ్యి. ఆదివారం పొద్దున్న ఫోన్లో కూర్చుని ఇద్దరం వరస వరసా చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య