ఫ్రిజ్ మీది కాగితం

ప్రశ్న: నా వయసు 29. మినియాపోలిస్‌లో ఐటీ ఉద్యోగం, ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. పోయిన మేలో పెళ్లయింది. మా ఆవిడది కాకినాడ, వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఆగస్టులో హెచ్4 వీసా (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వచ్చింది. నవంబరులో మొదటిసారి మంచు పడినప్పుడు చిన్నపిల్లలా గంతులేసింది. ఇప్పుడు కర్టెన్ కూడా తీయడం లేదు. ఐదు కిలోలు పెరిగింది. కొత్త సంవత్సరంలో ఇద్దరం హెల్తీగా ఉండాలని లిస్టు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఉదయం ఐదున్నరకు జిమ్, రోజుకు పదివేల అడుగులు, రాత్రి అన్నం బంద్, స్వీట్లు బంద్, ప్రతి ఆదివారం బరువు చూసుకోవడం. 21 రోజులు ఓపిక పడితే అలవాటైపోతుందని చెప్పాను. నేను ఒక్కరోజు కూడా తప్పలేదు. తను నాలుగు రోజులొచ్చి మానేసింది. పదింటిదాకా పడుకుంటుంది. బయట నడవమంటే 'కాళ్లు జారుతున్నాయి' అని సాకు చెబుతుంది. సాయంత్రం నేను వచ్చేసరికి లైటు కూడా వేయకుండా సోఫాలో కూర్చుని ఉంటుంది. గట్టిగా అడిగితే 'నన్ను మా ఇంటికి పంపెయ్' అని ఏడుస్తుంది. మా అమ్మ వీడియో కాల్‌లో 'లావయ్యావేంటమ్మా' అందని ఆ రోజంతా మాట్లాడలేదు. ఈ బద్ధకం పోగొట్టి తనని ఎలా మోటివేట్ చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'ఇద్దరం హెల్తీగా ఉండాలని' అన్నారు. ఆ వెంటనే 'లిస్టు రాసి అంటించాను' అన్నారు. రాసింది మీరొక్కరే. ఆ కాగితం మీద ఆవిడ చేత్తో రాసిన అక్షరం ఒక్కటైనా ఉందా? లేకపోతే అది ఇద్దరి లక్ష్యం ఎలా అవుతుంది? మీ టైమ్‌టేబుల్లో ఆవిడ పేరు కలిపారు, అంతే.

మీ ఉద్దేశం మంచిదే. ఒక విషయంలో మీ భయానికి ఆధారం కూడా ఉంది. మన దక్షిణాసియా వాళ్లకు కొద్దిపాటి బరువుకే షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మిగతా వాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 దగ్గర షుగరు పరీక్ష మొదలుపెట్టమనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, ఆసియా మూలాల వాళ్లకు 23 దగ్గరే చేయించమంటుంది. కాబట్టి ఆరోగ్యం గురించి ఆలోచించడం మీ తప్పు కాదు. అయితే మీరు బద్ధకం అని పేరు పెట్టినది బద్ధకం కాదేమోనని నా అనుమానం.

ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. డిసెంబరు చివర్లో మీ ఊళ్లో ఏడూ యాభైకి గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి. తొమ్మిది గంటలు కూడా వెలుతురుండదు. కాకినాడలో ఎంత చలికాలమైనా పగలు పదకొండు గంటలుంటుంది. మీరు ఆఫీసుకెళ్తారు, నలుగురితో మాట్లాడతారు, పెద్ద లైట్ల కింద కూర్చుంటారు. పైగా ఇది మీకు నాలుగో చలికాలం. ఆవిడకు మొదటిది. నిరుడు ఈ రోజుల్లో సొంత జీతం, సొంత స్నేహితులు, ఆఫీసు కింద టీ బండి. ఇప్పుడు వీసా ఉద్యోగం చేయనివ్వదు, కారు నడపడానికి లైసెన్సు లేదనే అనుకుంటున్నాను, గుమ్మం దాటితే మైనస్ డిగ్రీలు. కిందటేడు మా అమ్మాయి కాన్పుకని వెళ్లి అలాంటి ఊళ్లోనే ఒక చలికాలం గడిపాను. చేతినిండా పసిబిడ్డ పని ఉన్నా, మూడో వారానికల్లా మధ్యాహ్నం రెండింటికే 'ఇంకేముంది, చీకటి పడుతుంది' అని దిగులు పడేదాన్ని. ఆవిడకు ఆ పసిబిడ్డ కూడా లేదు.

చలికాలంలో వెలుతురు తగ్గడం వల్ల వచ్చే డిప్రెషన్ ఒకటుంది. 1984లోనే డాక్టర్లు దానికి పేరు పెట్టి వర్ణించారు. ఎంత పడుకున్నా నిద్ర తీరదు, తీపి మీదికి, అన్నం బ్రెడ్డు లాంటి వాటి మీదికి మనసు లాగుతుంది, బరువు పెరుగుతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చదవండి. ఇక్కడ కూర్చుని నేను ఇదేనని తేల్చి చెప్పలేను, అది డాక్టరు పని. థైరాయిడ్ మందగించినా ఇంచుమించు ఇవే లక్షణాలు. అందుకే ఈ వారంలోనే ప్రైమరీ కేర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి థైరాయిడ్, విటమిన్ డి, హిమోగ్లోబిన్, శాకాహారులైతే బీ12 కూడా చూపించండి. మీరుండే చోట నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో నిలబడ్డా చర్మం విటమిన్ డి తయారు చేసుకోలేదు. మన రంగు వాళ్లకు మరీ కష్టం. అలాగని ఎవరో చెప్పారని పెద్ద డోసులు మింగించకండి, పరీక్ష చూశాక డాక్టరు చెప్పినంతే.

డాక్టరు సరే అంటే లైటు పెట్టె ఒకటి కొనండి. పదివేల లక్స్ వెలుగునిచ్చేది. పొద్దున లేచిన గంటలోపు, అడుగున్నర దూరంలో పెట్టుకుని, నేరుగా దానిలోకి చూడకుండా ఇరవై నిమిషాల నుంచి అరగంట కూర్చోవాలి. కాఫీ తాగొచ్చు, అమ్మతో ఫోన్ మాట్లాడొచ్చు. కంటి జబ్బున్నవాళ్లు, బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారిపోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వాడకూడదు. మాఘమాసంలో రథసప్తమి నాడు మనవాళ్లు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి సూర్యుడికి దండం పెడతారు కదా. సూర్యుడే మొహం చాటేసిన ఊళ్లో ఈ పెట్టెకు దండం పెట్టినా తప్పులేదు.

'ఇంటికి పంపెయ్' అన్న మాటను బెదిరింపుగా తీసుకోకండి. ఇక్కడ తన ఇల్లంటూ ఏదీ లేదని చెప్తోంది. కానీ ఆ మాట ఎప్పుడైనా 'బతికి ఏం లాభం' అనే వైపు తిరిగితే, అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. అమెరికాలో ఇలాంటి వేళ ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు.

ఇక మీ 21 రోజుల లెక్క. లండన్‌లో పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ఫలితాలు చెప్పారు. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, మరికొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్కగట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. జనవరి 1 నుంచి 66 రోజులంటే మార్చి మొదటి వారం. మీరేమో నాలుగు రోజులకే ఫెయిలని తేల్చేశారు. అందులోనూ ఆవిడకు ఐదున్నర అంటే అర్ధరాత్రి లెక్కే, ఇంకా రెండు గంటలు పోతే గానీ వెలుతురు రాదు. జిమ్ మీకు పడింది, మీరు వెళ్లండి. ఆవిడకు వేరే దారి చూడాలి.

వారానికి 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా నడిస్తే చాలని డాక్టర్లే అంటారు. అది జిమ్‌లోనే జరగాలని ఎవరూ అనలేదు. మీ దగ్గర్లోని మాల్ ఆఫ్ అమెరికాలో దుకాణాలు తెరవకముందే నడిచేవాళ్ల కోసం తలుపులు తీస్తారు. తమాషా ఏమిటంటే, ఆ మాల్ మధ్యలో ప్రత్యేకంగా హీటర్లు లేవు. పైకప్పు అద్దాల్లోంచి పడే ఎండ, లైట్లు, జనం ఒంటి వేడి, వీటితోనే వెచ్చగా ఉంటుందట. సెయింట్ పాల్‌లో కోమో పార్కు గాజు తోట ఉంది, టికెట్ లేదు, తోచినంత వేయొచ్చు. శనివారం అక్కడికి తీసుకెళ్లండి. తాటిజాతి చెట్ల మధ్య తడి మట్టి వాసనలో ఒక గంట కూర్చోనివ్వండి. అడుగులు లెక్కపెట్టకండి.

అన్నం దగ్గరికి వద్దాం. మీరు రాత్రి అన్నం బంద్ చేశాక ఆవిడ ఏం తింటోంది? మీరు రాయలేదు. నా అంచనా, మీరు సలాడ్ తిని పడుకున్నాక చిప్సో, బ్రెడ్డు మీద ఆవకాయో. పుట్టింటి రుచి మిగిలింది ఆ ఒక్క కంచంలోనే, దాన్ని లాగేసుకుంటే మనిషి దొంగతిండి తింటుంది. అన్నం మానొద్దు, తగ్గించండి. కంచంలో సగం కూర, మిగతా సగంలో పప్పో గుడ్డో చేపో కొంత, అన్నం కొంత. ఇండియన్ స్టోర్లో దొరికే ఫ్రోజెన్ బెండకాయ, దొండకాయలూ మంచివే. వారానికి రెండు రాత్రులు మీరు వండండి. వంటొచ్చా మీకు? రాకపోతే నేర్పమని ఆవిడనే అడగండి. ఈ ఇంట్లో ఆవిడకు మీకన్నా బాగా తెలిసిన పని ఒకటుందని తేలుతుంది. ఆదివారం బరువు తూకం మాత్రం వెంటనే ఆపేయండి.

మీ అమ్మగారి సంగతి మీరే చూసుకోవాలి. కోడలు అత్తగారికి జవాబు చెప్తే పొగరంటారు, కొడుకు చెప్తే వింటారు. విడిగా ఫోన్ చేసి 'అమ్మా, తన ఒళ్లు గురించి ఇంకెప్పుడూ అనకు, తను దిగులుగా ఉంది' అనండి. ఆ ఫోన్లలో 'విశేషం ఏమైనా ఉందా' అన్న ప్రశ్న కూడా వస్తుంటే దాన్నీ అక్కడే ఆపండి.

లైసెన్సు సంగతి పట్టించుకోండి. నాలెడ్జ్ టెస్టుకు చదవడం చలికాలంలో ఇంట్లో కూర్చుని చేసుకునే పనే. హెచ్4 మీద చదువుకోవడానికీ అడ్డు లేదు. లైబ్రరీ కార్డు, ఏదో ఒక కోర్సు, మేపుల్ గ్రోవ్ గుడిలో నలుగురు మనవాళ్లు. వీటిలో ఏది కావాలో ఆవిడే ఎంచుకోవాలి. మళ్లీ మీరు లిస్టు రాయకండి, దండం పెడతాను.

ఫ్రిజ్ మీది కాగితం ఈ రాత్రే తీసేయండి. ఆవిడ చూడకుండా కాదు, ఎదురుగానే. 'ఇది నేనొక్కడినే రాశాను, తప్పు' అని చెప్పి, ఈ చలికాలంలో నీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేమిటని అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మధ్యలో సలహా ఇవ్వొద్దు, ఆ పనికి నేనున్నాను.

చివరగా, మీరు సాకు అన్న మాట. కాళ్లు జారుతున్నాయంటే నిజంగానే జారుతున్నాయేమో. ఆవిడ కాళ్లకున్నవి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న షూసేనా? ఐసు మీద వాటితో నడవమంటే నేనైనా రాను. లోపల ఉన్ని మేజోళ్లు పట్టేలా ఒక సైజు వదులుగా స్నో బూట్లు, వాటి కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు, చెవులు మూసే టోపీ కొనండి. ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు, చెమట పట్టి చల్లబడుతుంది. గాలితో కలిపి చలి మైనస్ 28 డిగ్రీల సెల్సియస్ దాకా దిగిన రోజున మాత్రం ఎన్ని తొడుక్కున్నా బయట నడక వద్దు, అరగంటలో చర్మం గడ్డకట్టుకుపోవచ్చు.

బూట్లు ఆన్‌లైన్లో తెప్పించేద్దామనుకుంటున్నారేమో. ఆవిడ పాదం సైజెంతో మీకు తెలుసా?