ధ్వని సూత్రానికి కాలపరిమితి ఉంటుంది

లాటిన్ నుంచి పుట్టిందని నమ్మించగల కల్పిత భాషకు ధ్వని మార్పులను ఎలా ఎంచుకోవాలని అడిగారు. ఆరేళ్లుగా అటువంటి భాషనొకదాన్ని అల్లుకుంటున్నాను కనుక గట్టిగానే చెబుతాను: ఏ మార్పులను తీసుకున్నారన్నది చిన్న విషయం, ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్నదే అసలు విషయం.

నా భాషను రోన్ నది లోయలో, ఇటాలియన్‌కూ ఫ్రెంచ్‌కూ పొరుగున ఊహించుకున్నాను. నోటుపుస్తకంలో రాసుకున్న సూత్రాలలో మొదటిది హ్రస్వ ఇకారాన్ని ఎకారం చేస్తుంది, మూడోది ‘క్వ’ను ‘క’ చేస్తుంది, ఏడోది ఇ, ఎ అనే తాలవ్యాచ్చుల ముందున్న ‘క’ను ‘చ’ చేస్తుంది. నాలుగు వందల మాటలను ఈ వరుసలో నడిపించి, ఒక గొర్రెల కాపరి కథ రాసి మిత్రుడికి చదివి వినిపించాను. పదపట్టిక ముందు పెట్టుకుని వింటున్న ఆయన, ‘ఈ కాపరి వలయం కింద కూర్చోవడమేమిటండీ?’ అన్నారు. లాటిన్‌లో ఓక్ చెట్టు క్వెర్కుస్, వలయం కిర్కుస్. నా చేతిలో పడి రెండూ ‘చెర్కు’ అయి కూర్చున్నాయి.

ఇటాలియన్‌లో ఇలా జరగలేదు. నూరు అనే కెంతుమ్ ‘చెంతొ’ అయింది గాని, ‘ఎవరు’ అనే క్వి మాత్రం ‘కి’ దగ్గరే ఆగిపోయింది. అందులోని వకారం జారిపోయే నాటికి తాలవ్యీకరణం, అంటే ‘క’ను ‘చ’ చేసే ఆ మార్పు, పని ముగిసిపోయింది. ఇందుకు సాక్ష్యం మన ఇంట్లోనూ ఉంది. కన్నడంలో కివి, కెరె అని కకారం నిలిచిన చోట మనకు చెవి, చెరువు అని చకారం వచ్చింది. ఆ మార్పు సద్దుమణిగాక సంస్కృతం నుంచి వచ్చిన కీర్తి, కిరీటం కకారంతోనే ఉండిపోయాయి, ‘చీర్తి’ అని ఎవరూ అనరు. బడిలో మా చేత వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించారు గాని ఏ సూత్రం ఏ కాలానిదో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నోటుపుస్తకంలో సగం కొట్టివేతలు ఉండేవి కావు.

చివరికి ఏడో సూత్రాన్ని మూడో దానికి ముందు జరిపి, అరవై మాటలను తిరిగి రాశాను. చెట్టు ‘కెర్కు’ అయింది, వలయం ‘చెర్కు’గానే ఉంది. అలాగని నా పాత వరుస అసహజమనలేను. ‘ఏమి’ అనే లాటిన్ క్విద్ రుమేనియన్‌లో ‘చె’ అయింది, వెతకడమనే క్వైరెరె అక్కడ ‘చెరె’ అయింది. నా భాషను రోన్ లోయలో కాక రుమేనియన్‌కు పొరుగున, డాన్యూబ్ నది ఒడ్డున ఊహించుకుని ఉంటే, ఆ కాపరిని వలయం కిందే వదిలేసేవాడిని.