ఏఐ చిప్పులు అమ్మే అమెరికా కంపెనీ ఎన్విడియా విలువ మన జీడీపీ కంటే ఎక్కువైతే, ఆ కంపెనీ మన దేశం కంటే పెద్దదైనట్టేనా? మనల్ని కొనేయగలదా?

రెండింటికీ కాదనే నా జవాబు. ఈ ప్రశ్న ఎక్కడ కనిపించినా నాకు ఊరుకోబుద్ధి కాదు. గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకులో ఏళ్ళ తరబడి ఫీల్డాఫీసరుగా చేశాను. లోను కోసం వచ్చినవాళ్ళ ఆస్తి ఎంత, ఏడాది ఆదాయం ఎంత అని రాసుకోవడమే నా పని. ఆ రెంటినీ కలగాపులగం చేసి ఇచ్చిన లోను ఒక్కటీ సజావుగా తీరగా నేను చూడలేదు.

ఎన్విడియా మార్కెట్ విలువ 2025 అక్టోబరు చివర్లో 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. మన జీడీపీ సుమారు 4 లక్షల కోట్ల డాలర్లు. అంకెలు రెండూ నిజమే. కాకపోతే మొదటిది ఆస్తికి కట్టిన ధర, రెండోది దేశమంతా కలిసి ఒక ఏడాదిలో సంపాదించింది.

2015 మొదట్లో జరిగింది చెబుతాను. రాజధాని తుళ్ళూరు వైపే అని ఖాయమయ్యాక చుట్టుపక్కల భూముల రేట్లకు రెక్కలొచ్చాయి. భూసమీకరణ పరిధికి బయట, తాడికొండ వైపు ఒక ఊళ్ళో రోడ్డు పక్కనున్న అరెకరం, ఎకరా కోటిన్నర లెక్కన అమ్ముడుపోయింది. కొన్నది హైదరాబాదు పార్టీ. ఆ వారంలోనే ఆ ఊరి పెద్దాయన ఒకరు పాసు పుస్తకం, దాంతోపాటు పురుగుమందుల కంపెనీ క్యాలెండరు నుంచి చింపిన కాయితం పట్టుకుని బ్యాంకుకొచ్చారు. కాయితం వెనక బాల్‌పెన్నుతో లెక్క రాసుంది. తనవి రెండున్నర ఎకరాలు, అంటే మూడు కోట్ల డెబ్బై అయిదు లక్షలు. దాని కింద గీత గీసి ఊరి లెక్క కూడా వేశారు. పదకొండు వందల ఎకరాలు, పదహారు వందల యాభై కోట్లు.

"మాది ఇప్పుడు పదహారు వందల కోట్ల ఊరండీ. నాకు యాభై లక్షలివ్వడానికి మీకేంటి ఇబ్బంది?" అన్నారు. కొడుకుని ఎమ్మెస్‌కి అమెరికా పంపాలని ఆయన ఆరాటం.

"ఈ ఏడు పత్తి ఎంత దిగిందండీ?" అని అడిగాను. ఎకరానికి పది క్వింటాళ్ళు. ఆ ఏడాది పొడుగు పింజకి మద్దతు ధర క్వింటాలుకు 4,050 రూపాయలు. విత్తనాలు, మందులు, కూలీలు పోను ఎకరానికి పదివేలు కూడా మిగల్లేదని ఆయనే చెప్పారు. భూమి రేటు అన్ని రెట్లు పెరిగినా పత్తి ఒక్క క్వింటాలు ఎక్కువ దిగలేదు. మరి నెలనెలా కిస్తీ కట్టాల్సింది ఎక్కణ్ణుంచి? పోనీ, ఊళ్ళో అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ఆ కోటిన్నర పలుకుతుందా అని అడిగాను. ఆయన కాయితం వంక కాసేపు చూసి, "అందరూ అమ్మితే కొనేదెవరండీ" అన్నారు.

నేను పంట రుణం మాత్రమే రాశాను. ఆయన కోపంగానే వెళ్ళారు. అదే రోజుల్లో వేరే బ్యాంకుల వాళ్ళు భూమి విలువ చూసి ఇలాంటి లోన్లు ధారాళంగా ఇచ్చారు. 2019 చివర్లో రాజధాని మీద అయోమయం మొదలై రేట్లు పడిపోయాక ఆ ఇళ్ళలో పడిన టెన్షన్ నాకు తెలుసు. పత్తి మాత్రం అప్పుడూ పది క్వింటాళ్ళే.

మార్కెట్ విలువ, అదే మార్కెట్ క్యాప్, అంటే ఆ క్యాలెండరు కాయితమే. ఆ పూట చేతులు మారిన కొద్ది షేర్ల ధరను తీసుకుని మొత్తం షేర్లతో గుణిస్తారు. ఎన్విడియాకి దాదాపు 2,400 కోట్ల షేర్లున్నాయి. అవన్నీ ఒకేసారి అమ్మకానికొస్తే ఆ ధర నిలవదు. 2025 జనవరి 27న చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో ఏఐ మోడల్ తయారుచేసిందన్న వార్తకే ఎన్విడియా షేరు 17 శాతం పడి, ఒక్క రోజులో దాదాపు 59,000 కోట్ల డాలర్ల విలువ తగ్గింది. మన రూపాయల్లో 50 లక్షల కోట్ల పైమాట. ఆ తర్వాత అయిదు రోజులకే, ఫిబ్రవరి 1న, మన కేంద్ర బడ్జెట్ వచ్చింది. ఏడాది మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్లు. మన కేంద్ర ప్రభుత్వం ఒక ఏడాది ఖర్చు పెట్టడం మానేస్తే దేశం ఏమవుతుందో ఊహించండి. జీతాలుండవు, రేషనుండదు, రైళ్ళు ఆగిపోతాయి. అంతే మొత్తం అమెరికాలో ఒక్క పూటలో తగ్గితే ఎన్విడియాలో ఒక్క ఉద్యోగం కూడా ఆ కారణంగా పోలేదు. మళ్ళీ కొన్ని నెలలకే షేరు ఇంకా పైకెళ్ళింది. అందుకే సెన్సెక్స్ పడినప్పుడల్లా మన టీవీలు "మదుపరుల సంపద ఆవిరి" అని ఎర్ర అక్షరాలతో ఊదరగొట్టడం నాకు సుతరామూ నచ్చదు. ఎవరూ అమ్మి చేతిలోకి తీసుకోని డబ్బు ఆవిరి ఎలా అవుతుంది?

వాట్సాప్‌లో తిరిగే ఇంకో బొమ్మ మరీ అన్యాయం. మన మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) పెట్టుకుని బట్టల వ్యాపారం చేసిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇవాల్టి లెక్కలో 8 లక్షల కోట్ల డాలర్లట, ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్ద కంపెనీ అట. 1602లో 64 లక్షల గిల్డర్ల (డచ్చివాళ్ళ నాణేలు) పెట్టుబడితో మొదలైన కంపెనీ అది. నాలుగు వందల ఏళ్ళ నాటి గిల్డర్లను ఇప్పటి డాలర్లలోకి మార్చడానికి నమ్మదగిన రేటంటూ ఏదీ లేదు. చదువుకున్నవాళ్ళు కూడా దాన్ని ఫార్వర్డ్ చేస్తుంటే బాధేస్తుంది.

పోల్చి తీరాలంటే ఆదాయాన్ని ఆదాయంతో పోల్చాలి. కంపెనీ అమ్మకాల్లోంచి బయట కొన్న సరుకు, సేవల ఖర్చు తీసేస్తే మిగిలేదే జీడీపీకి సాటివచ్చే లెక్క. 2025 జనవరితో ముగిసిన ఏడాదికి ఎన్విడియా అమ్మకాలు 13,050 కోట్ల డాలర్లు. చిప్పులు తయారుచేసేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ కాబట్టి ఆ ఖర్చులు పోతే, గట్టిగా వేసుకున్నా పదివేల కోట్ల డాలర్లు మిగులుతుంది. మన జీడీపీలో నలభయ్యో వంతు. మరుసటి ఏడు రెట్టింపైందనుకున్నా ఇరవయ్యో వంతే. ఇక కొనేయడం గురించి. అదే జనవరి చివరికి కంపెనీ దగ్గరున్న నగదు, బాండ్లూ అవీ కలిపి 4,300 కోట్ల డాలర్లు. రూపాయల్లో సుమారు 3.7 లక్షల కోట్లు. 2025-26లో మన రక్షణ శాఖకి ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. ఆ ఒక్క శాఖ ఏడాది ఖర్చుకే చాలని డబ్బుతో దేశాన్నేం కొంటారు?

అయితే పెద్ద కంపెనీల వల్ల దేశాలకి భయమే లేదని నేననను. భయపడాల్సిన చోటు వేరే ఉంది. 2000లో ఫిన్లాండ్ ఫోన్ల కంపెనీ నోకియా షేరు మంచి ఊపులో ఉన్నప్పుడు దాని మార్కెట్ విలువ ఫిన్లాండ్ జీడీపీని ఎప్పుడో దాటేసింది. కానీ ఆ జీడీపీలో నోకియా వాటా 4 శాతం, ఎగుమతుల్లో 21 శాతం. ఫిన్లాండ్‌ని తర్వాత దెబ్బతీసింది మార్కెట్ విలువ కాదు, ఈ వాటాల లెక్కే. సాలో అనే చిన్న పట్నం నోకియా ఫ్యాక్టరీ మీదే బతికేది. 2012లో దాన్ని మూసేశారు. షేరు ధర కుంగిన రోజున సాలోలో ఎవరూ రోడ్డున పడలేదు, ఫ్యాక్టరీ మూసినప్పుడు పడ్డారు.

కంపెనీలు జీడీపీ లెక్కనే వంకర తిప్పిన ఉదాహరణ కూడా ఉంది. 2015లో తమ జీడీపీ 26 శాతం పెరిగిందని ఐర్లాండ్ 2016 జూలైలో ప్రకటించింది. కొన్ని బహుళజాతి కంపెనీలు పన్ను తక్కువని తమ పేటెంట్ల లాంటి ఆస్తులను కాయితాల మీద అక్కడికి మార్చుకోవడమే దానికి ముఖ్య కారణం. డబ్లిన్‌లో బస్సు నడిపేవాడి జీతం 26 శాతం పెరగలేదు. ఐర్లాండ్ గణాంకాల శాఖ బాధ్యతగా ఆలోచించి, ఈ కంపెనీల ప్రభావం తీసేసిన వేరే ఆదాయ లెక్కను 2017 నుంచి జీడీపీతోపాటు ప్రచురిస్తోంది.

మన దగ్గర కూడా ఆ పని జరగాలి. ఐటీ కంపెనీలు, ఫార్మా కంపెనీలు ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో తెలంగాణలోనే ముందుంటుంది. ఆ అంకెలో ఆ కంపెనీల లాభాలూ కలిసే ఉంటాయి. అదే జిల్లాలోని యాచారం, మంచాల మండలాల్లో బోరు ఎండిపోయిన రైతు కూడా ఆ సగటులో భాగమే. జిల్లా లెక్కల్లో కంపెనీల మిగులు ఎంతో, మనుషుల చేతికొచ్చింది ఎంతో ప్రభుత్వం విడివిడిగా ప్రచురించాలి.