నేటాల్ వెళ్ళిన ముత్తాతది ఏ కొత్తవలస?

ప్రశ్న: డర్బన్‌లో ఉంటున్న ఒక నాయుడు గారి కుటుంబం మాకు పరిచయమైంది. వాళ్ళ ముత్తాత 1890ల్లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి (డర్బన్ ఉన్న ప్రాంతం) చెరకు తోటల పనికి ఓడెక్కాడట. ఓడ జాబితాలో జిల్లా విశాఖపట్నం, తాలూకా చీపురుపల్లి, ఊరు ‘కె ఓ టి ఎ వి ఎ ఎల్ ఎస్ ఎ’ అని ఉంది. కొత్తవలస జంక్షన్ దగ్గర ఎంత వాకబు చేసినా ఆనవాలు దొరకలేదు. ఎక్కడ పొరబడ్డాం?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తాలూకా దగ్గరే పొరబడ్డారు. జంక్షన్ ఉన్న కొత్తవలస శృంగవరపుకోట వైపుది. మీరు వెతకాల్సింది పాత చీపురుపల్లి తాలూకాలో. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది కాబట్టి పాత జాబితాల్లో విశాఖపట్నం అనే ఉంటుంది. దాన్ని విశాఖ నగరం అనుకోకండి. ఇక ఇంగ్లీషు గుమాస్తా రాతలో త, ట ఒకటే, ఒత్తులుండవు, దీర్ఘాలుండవు. ఆ అక్షరాలు కొత్తవలస కావచ్చు, కోటవలస కావచ్చు. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం మండలాల గ్రామాల పట్టిక ముందేసుకుని రెండు రకాలుగానూ చదవండి. శివారు పల్లెల్ని వదలొద్దు.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఓడ జాబితాలో మీరు చూసిన ఆ పంక్తి నిజంగా వాళ్ళ ముత్తాతదేనా? 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది గడువు కట్టిన కూలి ఒప్పందం మీద నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో అప్పన్నలు, రాములు ఎంతమందో! పేరు కలిసిందని ఒక పంక్తి పట్టుకుంటే వేరే వాళ్ళ తాత మన తాత అయిపోతాడు. దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చారు. అసలు ఆధారం అదే. పెళ్ళి నమోదులోనో, పని గడువు తీరాక ఇచ్చిన విడుదల పత్రంలోనో, పిల్లల జనన పత్రంలోనో ఉన్న నంబరు జాబితాలో నంబరుతో కలవాలి. ఆ కాగితాల నకళ్ళు పంపమని వాళ్ళని అడగండి. వయసు మాత్రం అంచనాగా రాసిందే, అయిదేళ్ళు అటూ ఇటూ చూడండి.

నాయుడు అన్న పేరు మీద ఆధారపడొద్దు. అక్కడ తండ్రి పేరో, గౌరవపదమో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. జాబితాలో ఇంటిపేరుకి గడే లేదు. తండ్రి పేరు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చలు, మచ్చలు ఉంటాయి. ఊళ్ళో వాకబుకి ఆ తండ్రి పేరే ముఖ్యం.

రెవెన్యూ ఆఫీసులో తొందరపడి నిరాశపడకండి. ఆ వైపు ఊళ్ళు చాలామటుకు జమీందారీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటు (ఏ భూమి ఎవరిదో తేల్చే పని) జరిగాకే రైతుల పేర్లతో ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరు తయారైంది. అందులో ఓడెక్కినవాడు ఉండడు, ఇక్కడే ఉండిపోయిన అన్నదమ్ముల కొడుకులు, మనవలు ఉండొచ్చు. వాళ్ళ ఇంటిపేర్లు రాసుకుని ఊళ్ళో పెద్దల్ని అడగండి.

వెళ్ళేటప్పుడు ముందుగా గ్రామపెద్దని కలవండి. పొలంలో వాటా అడగడానికి రాలేదని మొదటి మాటగానే చెప్పండి. ఆ అనుమానం ఉన్నంతసేపు తెలిసినవాళ్ళు కూడా నోరు విప్పరు.