ప్రోటాన్లు ‘ఉండకూడదా’, ‘ఉండవా’?

సందేహం: పరమాణు కేంద్రకం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. “రెండు ప్రోటాన్లు ఒకే క్వాంటం స్థితిలో ఉండకూడదు” అని రాస్తే ఒక మిత్రుడు “ఉండవు” అని దిద్దాడు. ఇంకొకరు “ఉండలేవు” అనాలన్నారు. మూడూ ఒకటే కదండీ? పనిలో పని, స్పిన్‌ని భ్రమణం అనొచ్చా, మేజిక్ నంబర్లని మాంత్రిక సంఖ్యలు అనొచ్చా?

సమాధానం: మీ మిత్రుడిదే రైటు. ఎందుకు రైటో ఆయన చెప్పినట్టు లేదు కాబట్టి నేను చెబుతాను.

“ఇక్కడ బళ్లు నిలపకూడదు” అని బోర్డు ఉంటుంది, సరిగ్గా దాని కిందే నాలుగు బళ్లుంటాయి. కూడదు అన్నామంటే ఆ పని చెయ్యడానికి వీలుందని ఒప్పుకున్నట్టే, వీల్లేనిదాన్ని ఎవరూ నిషేధించరు. నిజానికి కూడు అంటే కలవడం, పొసగడం, ఆ లెక్కన కూడదు అంటే పొసగదు అనే, కానీ ఇవాళ మన చెవికి వినపడేది నిషేధం ఒక్కటే. ఏ రెండు ఎలక్ట్రాన్లూ ఒకే క్వాంటం స్థితిలో, అంటే శక్తి స్థాయీ స్పిన్ లాంటి గుణాలూ అన్నీ ఒకటే అయ్యేట్టు, ఉండవని 1925లో భౌతిక శాస్త్రవేత్త పౌలీ చెప్పిన వర్జన నియమం నిషేధం కాదు. ప్రోటాన్లకీ న్యూట్రాన్లకీ కూడా స్పిన్ అనే పుట్టు గుణం విలువ ఎలక్ట్రాన్‌కి లాగే అర, అందుకని అదే నియమం వాటికీ వర్తిస్తుంది. అసలు తిప్పలంతా ఆ పేరుతోనే వచ్చింది. వర్జించడం ఎవరో పూనుకుని చేసే పని, నియమం అంటే హాస్టల్ నియమాలు గుర్తొస్తాయి, రెండూ కలిసేసరికి రాసేవాడి కలంలోంచి “కూడదు” దానంతటదే జారిపడుతుంది. నేనూ చాలా ఏళ్లు “ఉండరాదు” అని రాసినవాణ్నే.

హీలియం కేంద్రకం చూడండి. అట్టడుగు శక్తి స్థాయిలో ప్రోటాన్లకి రెండే చోట్లు, స్పిన్ పైకి ఉన్నదానికొకటి, కిందికి ఉన్నదానికొకటి. న్యూట్రాన్ల లెక్క వేరు, వాటికీ విడిగా రెండు చోట్లు. రెండూ రెండూ చేరేసరికి ఆ స్థాయి నిండిపోయింది. ఐదో కణం వస్తే పై స్థాయికి పోవాల్సిందే, అక్కడ దాన్ని పట్టి ఉంచడానికి బలం చాలదు, అందుకే ఐదు కణాలతో స్థిరంగా నిలిచే కేంద్రకమే లేదు. ఇందులో ఎవరూ ఎవర్నీ వద్దనలేదు. అది వాటి స్వభావం. బడి వ్యాకరణంలో తద్ధర్మార్థకం అని చదువుకున్నాం కదా, ఇవాళా రేపూ అని కాకుండా ఎప్పుడూ ఉండే ధర్మాన్ని చెప్పేది, దాని వ్యతిరేకరూపమే “ఉండవు”. ప్రకృతి నియమాన్ని చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా అతికే క్రియారూపం నాకు కనపడలేదు.

“ఉండలేవు” అంటే ప్రయత్నించి ఓడిపోయినట్టుంటుంది. తప్పు అనను కానీ అందులో ఒక గొయ్యి ఉంది. విడిగా ఉన్న న్యూట్రాన్ సగటున ఓ 15 నిమిషాల్లో క్షీణించి ప్రోటాన్‌గా మారుతుంది. అదే న్యూట్రాన్ స్థిరమైన కేంద్రకంలో ఉంటే మారదు, ఎందుకంటే కొత్త ప్రోటాన్‌కి కింది చోట్లన్నీ నిండి ఉంటాయి, పైన ఖాళీ ఉన్నా అక్కడికి ఎక్కడానికి శక్తి చాలదు. దీన్ని “కేంద్రకంలో న్యూట్రాన్ క్షీణించలేదు” అని రాశారనుకోండి, క్షీణించడం దానికి సాధ్యం కాదనా, నిన్నటిదాకా క్షీణించలేదనా? “అది రాలేదు” అన్నా ఇదే గొడవ. నపుంసక ఏకవచనంలో ఈ రెండర్థాలూ ఒకే రూపంలో ఇరుక్కుపోయాయి. అలాంటి చోట “క్షీణించడానికి వీల్లేదు” అని విడదీసి రాయండి.

ఇక స్పిన్. భూగోళ పాఠాల్లో భ్రమణం అంటే తన చుట్టూ తాను తిరగడం, పరిభ్రమణం అంటే సూర్యుడి చుట్టూ తిరగడం. మరియా గెప్పర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1949లో తేల్చిందేమిటంటే, కేంద్రకంలో కణం స్పిన్‌కీ అది కక్ష్యలో తిరిగే తీరుకీ గట్టి లంకె ఉందని. కేంద్రకంలో కణాలు పొరలు పొరలుగా, అంటే కర్పరాలుగా, సర్దుకుంటాయనే ఈ కర్పర నమూనాకే 1963 నోబెల్‌లో వాళ్లకి వాటా వచ్చింది. ఇప్పుడు దీన్ని “భ్రమణ పరిభ్రమణ బంధం” అంటే చదివేవాడు నేరుగా సౌరకుటుంబంలోకి వెళ్లిపోతాడు. స్పిన్ అంటే చిన్న బంతి గిర్రున తిరగడం కాదు, కణంతో పుట్టిన గుణం. స్పిన్ అనే ఉంచండి.

మేజిక్ నంబర్లు అంటే 2, 8, 20, 28, 50, 82, 126. ప్రోటాన్లో న్యూట్రాన్లో ఆ లెక్కకి చేరితే కర్పరం నిండినట్టు, కేంద్రకం గట్టిగా నిలుస్తుంది. సీసం-208లో రెండూ కుదిరాయి, 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. మొదటి మూడు సంఖ్యలూ మామూలు లెక్కకే వస్తాయి, 28 నుంచి పైవి మాత్రం ఆ లంకె కలిపితేనే వచ్చాయి. “మాంత్రిక” అంటే నాకు మంత్రగాడే కళ్లముందు నిలబడతాడు. “మేజిక్ సంఖ్యలు” చాలు, ఇంగ్లీషూ సంస్కృతమూ కలిసిందని ఎవరైనా మూతి విరిస్తే విరవనివ్వండి.

మీ వాక్యం ఇలా మార్చండి: “కేంద్రకంలో ఏ రెండు ప్రోటాన్లూ ఒకే క్వాంటం స్థితిలో ఉండవు.” ఆ “ఏ”, “లూ” దీర్ఘం మర్చిపోకండి. అవి లేకపోతే ఎవరో రెండు ప్రోటాన్ల సంగతి చెబుతున్నట్టుంటుంది.