ఓడ అడుగున పుట్టిన మాట

ప్రశ్న: మా అన్నయ్య విశాఖ పోర్టులో క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేస్తాడు. కస్టమ్స్ వాళ్లు ఓడెక్కి సోదా చేయడాన్ని ‘రమ్మేజింగ్’ అంటాడు. మా ఇంగ్లీషు పాఠంలో బ్యాగులో తాళంచెవి కోసం వెతకడానికీ అదే మాట ఉంది. రెండూ ఒకటేనా? ‘సెర్చ్’ అంటే చాలదా?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: మాట ఒకటేనమ్మా. మీ అన్నయ్య వాడుకే దాని పుట్టింటికి దగ్గర. ఓడ అడుగున హోల్డులో సరుకు సర్దడాన్ని ఫ్రెంచివాళ్లు ‘అరుమాజ్’ అనేవారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా దీనికి సర్దడమనే అర్థం. పీపాలు, మూటలు సందు లేకుండా బిగించాలి; ఖాళీ ఉంటే అలల ఊపుకి సరుకంతా ఒక పక్కకి జరిగి ఓడ ఒరిగిపోతుంది. దారిలో ప్రతి రేవులోనూ కొంత దించి, కొంత ఎక్కించి, మిగిలినది మళ్లీ సర్దుకోవాలి. అడుగున ఉన్నది చూడాలంటే పైదంతా కదపాల్సిందే. ఈ కదపడం నుంచే 17వ శతాబ్దానికి వెతకడమనే అర్థం స్థిరపడింది. సర్దడం పోయి, చివరికి చిందరవందర చేయడం మిగిలింది!

మన 1962 నాటి కస్టమ్స్ చట్టం 106వ సెక్షన్‌లో ‘రమ్మేజ్ అండ్ సెర్చ్’ అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. స్మగ్లింగ్ అనుమానానికి తగిన కారణం ఉంటే ఓడలో ఏ భాగాన్నయినా అలా వెతకొచ్చు. తాళంచెవులు ఇవ్వకపోతే తాళం పగలగొట్టే అధికారమూ అక్కడే ఉంది.

‘సెర్చ్’ మూలం వేరు. చుట్టూ తిరగడమనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది, ‘సర్కిల్’కి చుట్టం. కళ్లతో వెతికినా, కంప్యూటర్లో వెతికినా సెర్చే. రమ్మేజ్‌కి మాత్రం చేతులు పెట్టి వస్తువుల్ని అటూ ఇటూ తీయడం ఉండాలి. బియ్యం గాలించినట్టు, అడుగుదాకా చెయ్యి వెళ్లాలి.

వాక్యంలో తప్పు ఎక్కువగా జరిగేది ‘ఫర్’ దగ్గర. ‘తాళంచెవి వెతుకుతున్నా’ అని తెలుగులో సూటిగా అంటాం కాబట్టి ఇంగ్లీషులో ఆ ‘ఫర్’ జారిపోతుంది. ‘ఐ యామ్ రమ్మేజింగ్ మై కీస్’ అనకూడదు. వెతికే చోటుకి ముందు ‘ఇన్’ లేదా ‘త్రూ’, దొరకాల్సిన వస్తువుకి ముందు ‘ఫర్’ పెట్టండి: ‘రమ్మేజింగ్ ఇన్ మై బ్యాగ్ ఫర్ మై కీస్’. సెర్చ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆర్కే బీచ్‌లో పిల్లాడు తప్పిపోతే ‘వియ్ సెర్చ్‌డ్ ఫర్ ద బాయ్’ అని రాయాలి. ‘ఫర్’ తీసేస్తే వాడి జేబులు సోదా చేశామని అర్థం వస్తుంది.

పలికేటప్పుడు ‘మే’ అని సాగదీయకండి. ‘రమిజ్’ అనాలి, మొదటి అక్షరం ఒత్తి. ‘లగేజ్’, ‘విలేజ్’ చివర కూడా ఇంగ్లీషులో ఈ ‘ఇజ్’ ధ్వనే.